పాత పికప్‌లో డీజిల్ ఎక్కడ పోతోంది? ఇంజన్ దించే ముందు చూడాల్సినవి

క్లుప్తంగా: పదేళ్లు దాటిన డీజిల్ పికప్ మైలేజీ పడిపోతే అనుమానం ముందుగా ఇంజన్ మీదికే వెళ్తుంది. చాలా బళ్లలో అసలు నష్టం మాత్రం పట్టేసిన బ్రేకుల్లో, గాలి తగ్గిన టైర్లలో, పీకి పారేసిన థర్మోస్టాట్‌లో (ఇంజన్ నీటి వేడిని అదుపు చేసే వాల్వు), బెజ్జం పడిన గాలి పైపులో ఉంటుంది. ముందు సరైన లెక్క తీసి, తర్వాత చక్రాల నుంచి లోపలికి వెతుక్కుంటూ వెళ్తే ఖర్చు తగ్గుతుంది. హాఫ్ ఇంజన్ పని, అంటే ఇంజన్ విప్పి రింగుల్లాంటి అరిగిన భాగాలు మార్చడం, అవసరమా కాదా అన్నది కూడా ఆ క్రమంలోనే తేలుతుంది.

మదనపల్లె టమాటా మార్కెట్ నుంచి భీమవరం చేపల లోడింగ్ దాకా రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ చిన్న సరుకు రవాణాలో పెద్ద భాగం పికప్‌ల మీదే నడుస్తోంది. 2020 ఏప్రిల్ 1 నుంచి కొత్త బళ్లన్నీ బీఎస్-6 (భారత్ స్టేజ్ పొగ ప్రమాణాల్లో ఆరోది) అయ్యాయి. ధరలు పెరిగాయి, పొగను శుద్ధి చేసే సామగ్రి కూడా ఎక్కువైంది. అందువల్ల బీఎస్-3, బీఎస్-4 కాలపు బళ్లను ఇంకొన్నాళ్లు నడుపుకుందామనే యజమానులు చాలామంది ఉన్నారు. ఈ వ్యాసంలో ఉదాహరణ 2,523 సీసీ నాలుగు సిలిండర్ల టర్బో డీజిల్ ఇంజన్‌తో వచ్చిన పాత బొలెరో పికప్. వాటిలో ముందు తరానికి మెకానికల్ డీజిల్ పంపు, తర్వాతి తరానికి కామన్ రైల్ (కంప్యూటర్ అదుపులో ఎక్కువ ఒత్తిడితో డీజిల్ పంపే ఏర్పాటు) ఉంటాయి. ఇక్కడి సూత్రాలు ఆ తరగతి డీజిల్ బళ్లన్నిటికీ వర్తిస్తాయి. ఇప్పుడు అందరి నోటా వినిపిస్తున్న ఇ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు) ఇంధనం గొడవ పెట్రోలు బళ్లది, డీజిల్ పికప్‌కు దానితో పని లేదు.

## ముందు లెక్క సరిచూడాలి

"ఇదివరకు 13 ఇచ్చేది, ఇప్పుడు 10 కూడా రావట్లేదు" అనే మాట వెనుక చాలాసార్లు కొలత ఉండదు, అంచనా ఉంటుంది. రెండు వేల రూపాయల డీజిల్ కొట్టించి, ముల్లు కిందికి దిగేదాకా నడిపి చెప్పే సంఖ్యను నమ్మలేం. నమ్మదగ్గ పద్ధతి ట్యాంకు నుంచి ట్యాంకుకు కొలవడం. బండిని సమతల నేల మీద నిలిపి, పంపు నాజిల్ తనంతట తాను కట్ అయ్యేవరకు నింపి, మీటర్ రీడింగ్ రాసుకోవాలి. కనీసం 400 కిలోమీటర్లు నడిచాక అదే బంకులో, వీలైతే అదే పంపు దగ్గర, మళ్లీ కట్ అయ్యేవరకు నింపాలి. నడిచిన దూరాన్ని రెండోసారి పట్టిన లీటర్లతో భాగిస్తే మైలేజీ వస్తుంది. ఇలా మూడుసార్లు తీసి, మొత్తం కిలోమీటర్లను మొత్తం లీటర్లతో భాగించాలి. ఒక్కసారి తీసిన లెక్కలో నురగ వల్లనో, బండి ఒక పక్కకు వాలి ఉండటం వల్లనో రెండు మూడు లీటర్లు అటూ ఇటూ అవుతాయి.

మీటర్ కూడా తప్పు చెప్పొచ్చు. 215/75 ఆర్15 టైరు వ్యాసం సుమారు 703 మిల్లీమీటర్లు. దాని స్థానంలో బలంగా ఉంటుందని 235/75 ఆర్15 వేస్తే వ్యాసం 733 అవుతుంది. చక్రం ఒక చుట్టుకు నాలుగు శాతం ఎక్కువ దూరం పోతుంది, మీటర్‌కు ఆ సంగతి తెలియదు. నిజంగా 12 ఇస్తున్న బండి కాగితం మీద పదకొండున్నర ఇచ్చినట్టు కనిపిస్తుంది. ఉన్నది టైరు మార్పు అయితే వేట మాత్రం ఇంజన్‌లో మొదలవుతుంది.

ఇంకో చిక్కు లీటరుకు కిలోమీటర్లు అనే కొలతలోనే ఉంది. ఏడాదికి 30,000 కిలోమీటర్లు తిరిగే బండి 8 నుంచి 10కి పెరిగితే డీజిల్ 3,750 లీటర్ల నుంచి 3,000కు దిగుతుంది, మిగులు 750 లీటర్లు. అదే బండి 12 నుంచి 14కు పెరిగితే మిగిలేది 357 లీటర్లే. రెండు చోట్లా పెరిగింది రెండు కిలోమీటర్లే, మిగులు మాత్రం సగానికి పడింది. లీటరు 96 రూపాయలు అనుకుంటే మొదటిది 72,000 రూపాయలు, రెండోది 34,000 పైచిలుకు. కాబట్టి బాగా దిగజారిన బండి మీద పెట్టే రిపేరు ఖర్చు త్వరగా తిరిగి వస్తుంది. ఇప్పటికే 13 ఇస్తున్న బండిని 14కు తేవాలని ఇంజన్‌లోకి డీజిల్ చల్లే నాజిళ్లు విప్పించడం దండగ.

## లీటరు డీజిల్ చేసే పని

ఒక లీటరు డీజిల్‌లో సుమారు 36 మెగాజౌళ్ల శక్తి ఉంటుంది. అందులో పెద్ద భాగం సైలెన్సర్ గుండా, రేడియేటర్ గుండా వేడిగా పోతుంది. మంచి కండిషన్‌లో ఉన్న పాత డీజిల్ పికప్‌లో చక్రాల దాకా చేరేది పావు వంతు కంటే కాస్త ఎక్కువ అనుకోవచ్చు. చక్రాల దగ్గర ఆ శక్తి రెండు ప్రత్యర్థులతో పోరాడాలి: టైర్ల రాపిడి, ఎదురుగాలి.

లోడుతో కలిపి 2.8 టన్నులున్న పికప్‌ను చదునైన రోడ్డు మీద నడపడానికి టైర్ల రాపిడి 330 న్యూటన్ల వరకు అడ్డుపడుతుంది. 60 కిలోమీటర్ల వేగంలో గాలి ఇంకో 250 న్యూటన్లు వెనక్కి నెడుతుంది. 80కి పెంచితే టైర్ల వాటా దాదాపు అంతే ఉంటుంది, గాలి వాటా మాత్రం 445కు ఎగబాకుతుంది. గాలి అడ్డు వేగం వర్గంతో పెరగడమే దీనికి కారణం. మొత్తం 580 ఉన్న చోట 775 అయింది. ఆగకుండా, ఒకే వేగంతో పోయే బండికి ఇది లీటరుకు 16, 17 నుంచి 12, 13కు దిగడంతో సమానం. ఈ అంకెలు మామూలు అంచనాలతో వేసినవి. బండి ఎత్తు, లోడు, టైరు రకం మారితే అవీ మారతాయి, వేగంతో డీజిల్ పెరగడం మాత్రం మారదు. హైదరాబాద్–విజయవాడ లాంటి హైవే మీద 80, 85లో పోయే అలవాటు ఉన్న బండికి మొదటి చికిత్స డ్రైవర్ కాలి దగ్గరే ఉంది. క్యాబిన్ పైన ఖాళీ క్యారియర్, రెపరెపలాడే పట్టా, క్యాబిన్ కంటే ఎత్తుగా పేర్చిన ఖాళీ ట్రేలు కూడా ఈ గాలి ఖాతాలోకే వస్తాయి.

## చక్రాల దగ్గర పోయేది

పాత పికప్‌లో అందరికంటే పెద్ద దొంగ, అందరికంటే తక్కువగా అనుమానించేది బ్రేకు. వెనక డ్రమ్ముల్లో షూలు పూర్తిగా వెనక్కి రాకపోవడం, హ్యాండ్ బ్రేకు కేబుల్ తుప్పు పట్టి సగంలో ఆగిపోవడం, ముందు డిస్కు క్యాలిపర్ పిన్నులు గ్రీజు ఎండి బిగుసుకుపోవడం, వీల్ సిలిండర్ పిస్టన్ తుప్పుతో పట్టేయడం తరచూ కనిపించే లోపాలు. చేపలు, రొయ్యలు మోసే బళ్లలో ఇవి ముందే వస్తాయి. ట్రేల నుంచి కారే ఐసు నీరు, అందులోని ఉప్పు నేరుగా వెనక యాక్సిల్ మీద, కేబుల్ మీద పడుతుంటాయి.

దీని ధర ఎంతో చూడాలంటే ఒక్క అంకె చాలు. వెనక రెండు డ్రమ్ములూ టైరు అంచు దగ్గర చెరో 50 న్యూటన్లు, అంటే దాదాపు ఐదేసి కిలోల బరువంత, వెనక్కి లాగుతున్నాయనుకుందాం. 60 వేగంలో పైన చెప్పిన 580 న్యూటన్లు 680 అవుతాయి. డీజిల్ 17 శాతం పెరుగుతుంది. ఒక్కో డ్రమ్ములో పుట్టే వేడి 800 వాట్లు దాటుతుంది. ప్రయాణం సాగినంతసేపూ ఒక్కో చక్రంలో ఒక ఇస్త్రీ పెట్టె ఆన్ చేసి పెట్టినట్టే. డ్రైవర్‌కు మాత్రం బండి "కాస్త బరువుగా ఉంది" అని తప్ప ఏమీ తెలియదు.

పరీక్ష తేలిక. ఖాళీ రోడ్డు మీద పది కిలోమీటర్లు నడిపి, చివరి కిలోమీటరులో బ్రేకు వీలైనంత తక్కువగా వాడి, గేరు తగ్గించుకుంటూ ఆపాలి. నాలుగు చక్రాల హబ్బుల దగ్గరా అరచేతిని తాకించకుండా కొంచెం దూరంలో పెట్టి చూడాలి. ఒకటి మిగతావాటికంటే బాగా వేడిగా ఉంటే అక్కడే లోపం. నీళ్లు చల్లి చూసే అలవాటు వద్దు, కాగిన డ్రమ్ము చిట్లుతుంది.

షెడ్డులో అయితే ఇంకా కచ్చితంగా తేల్చొచ్చు. ముందు చక్రాలకు అడ్డు దిమ్మలు పెట్టి, హ్యాండ్ బ్రేకు వదిలి, గేరు న్యూట్రల్ చేసి, ఒక వెనక చక్రాన్ని జాకీతో లేపి స్టాండు మీద నిలపాలి. టైరు చుట్టూ తాడు రెండు చుట్లు చుట్టి, కొసకు కూరగాయల స్ప్రింగ్ కాటా తగిలించి మెల్లగా లాగితే చక్రం తిరగడానికి ఎన్ని కిలోల లాగుడు కావాలో కాటాయే చెబుతుంది. డిఫరెన్షియల్ ఆయిల్ వల్ల కొంత బిగువు ఎలాగూ ఉంటుంది. కాబట్టి చూడాల్సింది ఎడమ, కుడి చక్రాల మధ్య తేడా. తర్వాత ఒకసారి బ్రేకు పెడల్ గట్టిగా తొక్కి వదిలి మళ్లీ లాగాలి. ముందు తేలిగ్గా తిరిగిన చక్రం ఇప్పుడు బిగువుగా ఉంటే షూలు, సిలిండర్ వెనక్కి రావడం లేదని అర్థం. హ్యాండ్ బ్రేకు లాగి వదిలాక బిగుసుకుంటే తప్పు కేబుల్‌ది. మరమ్మతు ఖర్చు కేబుల్, రిటర్న్ స్ప్రింగులు, సిలిండర్ కిట్టు, కూలి కలిపినా నాజిళ్ల ఖర్చు ముందు చిన్నదే.

టైర్ల గాలి గురించి అందరికీ తెలుసు, అయినా తప్పు జరుగుతూనే ఉంటుంది. అమెరికా ఇంధన శాఖ చెప్పే లెక్క ప్రకారం నాలుగు టైర్లలో సగటున ఒక పీఎస్ఐ తగ్గితే ఇంధనం 0.2 శాతం పెరుగుతుంది. పది తగ్గితే రెండు శాతం. అంకె చిన్నగా కనిపించినా లోడు టైరు అంచులు అరగడం, వేడెక్కి పగలడం దానికి తోడవుతాయి. అసలు పొరపాటు గాలి చూసే సమయంలో ఉంది. ఎండలో 60 కిలోమీటర్లు నడిచి వచ్చిన టైరు పాతిక డిగ్రీలు వేడెక్కుతుంది, 50 పీఎస్ఐ ఉండాల్సినది 55 చూపిస్తుంది. "గాలి ఎక్కువైంది" అని అక్కడే కొంచెం వదిలేస్తారు. రాత్రి చల్లబడ్డాక అది 45కు దిగిపోతుంది. గాలి పొద్దున్నే, బండి కదలకముందు చూడాలి. డోర్ దగ్గరి స్టిక్కర్ మీద లోడుకు, ఖాళీకి వేర్వేరు అంకెలు ఉంటాయి, వెనక టైర్లకు ఆ తేడా పెద్దదే.

ముందు టైర్ల మీద చెయ్యి లోపలికి నిమిరితే నున్నగా, బయటికి నిమిరితే గరుగ్గా తగిలితే టో తేడా ఉన్నట్టు, అంటే ముందు చక్రాలు నేరుగా ముందుకు చూడట్లేదన్నమాట, అలైన్‌మెంట్ చేయించాలి. పికప్‌లో ఇంకో ప్రత్యేక లోపం వెనక యాక్సిల్ వంకర. యూ బోల్టులు వదులైనా, కమాన్ కట్ట మధ్య సెంటర్ బోల్టు తెగినా యాక్సిల్ ఒక పక్క కాస్త వెనక్కి జరుగుతుంది. వెనక నుంచి చూసేవాళ్లకు బండి అడ్డంగా పోతున్నట్టు కనిపిస్తుంది. ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకు రెండు వైపులా టేపు పట్టి కొలిస్తే తెలిసిపోతుంది.

## గాలి సరిపోకపోతే పొగ

పెట్రోలు కార్లలో మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టర్ మైలేజీని పెద్దగా తగ్గించదు, వేగం అందుకునే జోరు (పికప్) మాత్రమే తగ్గుతుంది. పాత మెకానికల్ పంపు డీజిల్ సంగతి వేరు. లోపలికి ఎంత గాలి పోతోందో పంపుకు పెద్దగా తెలియదు, యాక్సిలరేటర్ తొక్కినంత డీజిల్ పంపిస్తుంది. గాలి చాలకపోతే మిగిలిన డీజిల్ నల్లటి పొగగా బయటికి పోతుంది. కామన్ రైల్ బండిలో కంప్యూటర్ డీజిల్‌ను తగ్గించి సర్దుకుంటుంది. పొగ తక్కువగా, నీరసం ఎక్కువగా కనిపిస్తుంది. డ్రైవర్ గేరు తగ్గించి, రెట్టింపు తొక్కి ఆ లోటు పూడుస్తాడు, డీజిల్ అక్కడ పోతుంది.

కాగితం ఫిల్టర్‌ను లోపలి నుంచి బయటికి, తక్కువ ఒత్తిడి గాలితో, కొంచెం దూరంగా పట్టి ఊదాలి. టైరు షాపు గన్నును ఆనించి కొడితే కాగితంలో కంటికి కనపడని చీలికలు పడతాయి. రెండు మూడుసార్లు ఊదాక మార్చేయడమే మంచిది. ఫిల్టర్ తర్వాతి రబ్బరు పైపు మీద ఇంకా ఎక్కువ దృష్టి పెట్టాలి. క్లిప్పు వదులైనా, పైపు మడతలో చీలిక ఉన్నా ఫిల్టర్‌ను దాటుకుని దుమ్ము నేరుగా లోపలికి పోతుంది. పైపు విప్పి లోపలి గోడను తెల్ల గుడ్డతో తుడవాలి. గుడ్డకు పల్చని నూనె మరక అంటితే మామూలే. ఎర్రమట్టి, గరుకు పొడి అంటితే మాత్రం ఆ బండి రింగులు, టర్బో రెక్కలు రోజూ అరుగుతున్నాయి. ఇటుక బట్టీలు, కంకర క్వారీలు, వరికోతల పొలాల దగ్గర తిరిగే బళ్లలో సిలిండర్ బోరు ముందే పోవడానికి సాధారణంగా కారణం ఇదే. ఆయిల్ బ్రాండ్ మీద పడే నింద చాలాసార్లు అన్యాయం.

టర్బో తర్వాతి పైపుల్లో చీలిక ఉంటే లోడు మీద ఈల లాంటి శబ్దం, నల్ల పొగ, ఎత్తు ఎక్కలేకపోవడం మూడూ కలిసి వస్తాయి. సబ్బు నీళ్లు రాసి, ఒకరు యాక్సిలరేటర్ తొక్కుతుంటే బుడగలు చూడాలి. ఈజీఆర్ వాల్వు (పొగలో కొంత భాగాన్ని తిరిగి ఇంజన్‌లోకి పంపేది) మసితో సగం తెరుచుకుని ఆగిపోయినా లక్షణాలు ఇవే. దాన్ని విప్పి శుభ్రం చేయించాలి. రేకు ముక్క పెట్టి మూయడం పొగ నియంత్రణ పరికరాన్ని పాడుచేయడమే, కామన్ రైల్ బండిలో అయితే చెక్ లైటు కూడా వెలుగుతుంది.

## నాజిళ్లు, పంపు: రెండు తరాలు, రెండు పద్ధతులు

మెకానికల్ పంపు బండిలో నాజిల్ ఒక నిర్ణీత ఒత్తిడి దగ్గర తెరుచుకుని డీజిల్‌ను పొగమంచులా చల్లాలి. అరిగిన నాజిల్ ముందే తెరుచుకుంటుంది, ధారగా పోస్తుంది, మూసుకున్నాక కూడా బొట్టు కారుస్తుంది. ఆ బొట్టు సరిగా కాలదు. ఖాళీ ఇంజన్ టకటకమని కొట్టడం, పిస్టన్ తల మీద కాలిన మచ్చ, ఆయిల్‌లోకి డీజిల్ దిగడం దాని ఫలితాలు. నాజిళ్లను టెస్టర్ మీద పెట్టి నాలుగింటి ఒత్తిడినీ, చల్లే తీరునూ పక్కపక్కన చూపించమని అడగాలి. బిగించేటప్పుడు కింది రాగి వాషర్లు కొత్తవే వేయాలి. పాత వాషర్ మీద కొత్తది వేస్తే నాజిల్ మొన పైకి లేచి చల్లే కోణమే మారిపోతుంది.

పంపు మీద సీలు వేసిన ఫ్యూయల్ స్క్రూ తిప్పి "పికప్ పెంచడం" ఈ బళ్ల పాత రోగం. డీజిల్ పెరుగుతుంది, గాలి పెరగదు. లోడు మీద కాస్త లాగినట్టు ఉంటుంది, వెనక నల్లటి పొగ, లోపల పెరిగిన వేడి మిగులుతాయి. సీలు తెగి ఉన్న పంపును బెంచి మీద క్యాలిబ్రేషన్ చేయించడం తప్ప చెవితో వింటూ సరిచేసే మార్గం లేదు. అలాగే పంపు టైమింగ్ ఆలస్యమైతే చల్లటి పొద్దున తెల్ల పొగ, ఎత్తు మీద నీరసం వస్తాయి. ముందుకు జరిగితే గట్టిగా కొడుతుంది. రెండింటిలోనూ డీజిల్ పోతుంది.

కామన్ రైల్ వచ్చాక పరీక్ష మారింది, మేస్త్రీల చేతి అలవాటు మాత్రం అన్ని చోట్లా మారలేదు. పాత బండిలో ఏ సిలిండర్ పని చేయట్లేదో చూడటానికి ఇంజన్ నడుస్తుండగా నాజిల్ పైపు నట్టు ఒక్కొక్కటే వదులు చేసేవారు. కామన్ రైల్‌లో ఆ పని చేయకూడదు. రైలులో ఒత్తిడి వెయ్యి బార్ దాటగలదు, సన్నని ధార చర్మాన్ని చీల్చి లోపలికి పోతుంది. సరైన పద్ధతి రిటర్న్ పరీక్ష. నాలుగు ఇంజెక్టర్ల (కామన్ రైల్‌లో డీజిల్ చల్లే భాగాలు) నుంచి మిగులు డీజిల్ వెనక్కి పోయే రిటర్న్ పైపులను నాలుగు ఒకే సైజు సీసాల్లో పెట్టి, ఇంజన్‌ను రెండు నిమిషాలు ఖాళీగా నడపాలి. మూడు సీసాల్లో వేలెడు, ఒకదానిలో బెత్తెడు డీజిల్ పడితే ఆ ఒక్క ఇంజెక్టర్ లోపల అరిగింది. నాలుగూ మార్చాల్సిన పని లేదు. కోడింగ్ ఉన్న ఇంజెక్టర్ మారిస్తే దాని తల మీద చెక్కిన కోడును స్కానర్‌తో కంప్యూటర్‌లో రాయించాలి. అది మరిచిపోతే కొత్త ఇంజెక్టర్ వేసినా ఇంజన్ వణుకుతుంది, పొగ పోదు.

డీజిల్ ఫిల్టర్ కింద నీరు వదిలే స్క్రూ వారానికోసారి తిప్పి చూడాలి, వానాకాలంలో ఇంకా తరచుగా. గాజు గ్లాసులో పడితే నీరు అడుగున విడిగా కనిపిస్తుంది. బీఎస్-3లో 350 పీపీఎం (పది లక్షల భాగాల్లో 350) ఉన్న గంధకం బీఎస్-6 డీజిల్‌లో 10కి తగ్గింది, దాని వల్ల పాత పంపులు ఎండిపోయి అరుగుతాయనే భయం ఉంది. జిడ్డుతనానికి ప్రమాణాల్లో పరిమితి ఉంది, దానికోసం రిఫైనరీ దశలోనే తగిన రసాయనం కలుపుతారు. గంధకం తగ్గడం ఇంజన్ ఆయిల్‌కు మేలే. భయపడాల్సింది కిరోసిన్ కలిసిన చవక డీజిల్‌కు, డ్రమ్ముల్లో అమ్మే పేరులేని "బయో" ఇంధనానికి. మైలేజీ పెంచుతామనే అయస్కాంతాలు, గుళికల మీద డబ్బు పెట్టనక్కర్లేదు. అమెరికాలో ఈపీఏ (పర్యావరణ పరిరక్షణ సంస్థ) ఇలాంటివి వందకు పైగా పరిశీలించింది, చెప్పుకోదగ్గ ఆదా ఇచ్చేది దొరకలేదు.

## థర్మోస్టాట్ పీకేసిన ఇంజన్

రాయలసీమ, తెలంగాణ ఎండల్లో ఒకసారి బండి కాగితే షెడ్డులో చేసే మొదటి పని థర్మోస్టాట్ తీసేయడం. "మన ఎండలకు అది అక్కర్లేదు" అన్నది ఒక నమ్మకంగా స్థిరపడిపోయింది. ఈ నమ్మకం వల్ల పోయినంత డీజిల్ బహుశా ఇంకే షెడ్డు సలహా వల్లా పోయి ఉండదు.

థర్మోస్టాట్ నీటిని చల్లబరచడానికి ఉన్నది కాదు. ఇంజన్ 80 డిగ్రీలు దాటేవరకు నీటిని రేడియేటర్‌కు పోనివ్వకుండా ఆపి, ఆ తర్వాత కావలసినంతే తెరుచుకుంటుంది. అది లేకపోతే పొద్దున్నే బయల్దేరిన బండి, తక్కువ లోడుతో హైవే మీద పోయే బండి గంటల తరబడి 60 డిగ్రీల దగ్గరే ఉండిపోతుంది. సిలిండర్ గోడ చల్లగా ఉంటే దానికి తగిలిన డీజిల్ కాలదు, గోడ మీది ఆయిల్ పొరను కడిగి కిందికి దిగుతుంది. ఆయిల్ చిక్కగా ఉండి రాపిడి పెరుగుతుంది. కామన్ రైల్ కంప్యూటర్ ఇంజన్ ఇంకా చల్లగా ఉందనుకుని వార్మప్ పద్ధతిలోనే నడిపిస్తుంది. డీజిల్ ఎక్కువ తాగుతుంది, రింగులూ త్వరగా అరుగుతాయి. కొన్ని ఇంజన్లలో థర్మోస్టాట్ తెరుచుకున్నప్పుడు పక్కదారిని కూడా మూస్తుంది. అది తీసేస్తే కొంత వేడి నీరు రేడియేటర్‌కు పోకుండానే తిరుగుతుంది. చల్లదనం కోసం చేసిన పని మండు వేసవిలో లోడు మీద ఇంజన్ కాగడానికే దారి తీస్తుంది.

బండిలో థర్మోస్టాట్ ఉందో లేదో విప్పకుండానే తెలుసుకోవచ్చు. పొద్దున చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి రేడియేటర్ పై గొట్టం పట్టుకోవాలి. కొన్ని నిమిషాలు చల్లగా ఉండి, తర్వాత ఒక్కసారిగా వేడెక్కితే అది ఉంది, పనిచేస్తోంది. మొదటి నుంచీ మెల్లమెల్లగా గోరువెచ్చబడుతుంటే లేదు, లేదా తెరుచుకుని ఇరుక్కుపోయింది. ఫ్యాన్‌కు, బెల్టుకు దూరంగా చెయ్యి పెట్టాలి. కొత్తది కొనేటప్పుడు దాని మీద చెక్కిన ఉష్ణోగ్రత పాతదానితో సరిపోవాలి. గిన్నెలో నీళ్లు కాచి అందులో వేసి, థర్మామీటర్‌తో అది తెరుచుకునే డిగ్రీ చూశాకే బిగించడం మంచిది.

ఇంజన్ నిజంగా కాగితే కారణం వేరే చోట ఉంటుంది. రేడియేటర్ బయటి రెక్కల్లో ఊక, పురుగులు, మట్టి గట్టిపడి ఉండటం, విస్కస్ ఫ్యాన్ జారడం, ప్రెషర్ క్యాప్ రబ్బరు ఎండిపోవడం, లోపల బోరుబావి నీటి సున్నం పేరుకుపోవడం. క్యాప్ ఒక బార్ దగ్గరి ఒత్తిడిని నిలుపుతుంది కాబట్టే నీరు వంద డిగ్రీల దగ్గర మరగదు. చిన్న రబ్బరు పోతే ఆ రక్షణ పోతుంది. బోరు నీరు పోసే అలవాటు మానాలి. కూలెంట్‌ను సీసా మీద చెప్పిన పాళ్లలో డిస్టిల్డ్ వాటర్‌తో కలపాలి. బ్యాటరీ షాపుల్లో ఆ నీరు దొరుకుతుంది.

## ఆయిల్, డ్రైవింగ్

ఆయిల్ విషయంలో మాన్యువల్ చెప్పిన గ్రేడు దాటకపోవడమే మేలు. ఈ తరం డీజిళ్లకు ఎక్కువగా 15డబ్ల్యూ-40 సరిపోతుంది. "పాత ఇంజన్ కదా" అని ముందే చిక్కటి ఆయిల్‌కు మారితే రాపిడి పెరిగి డీజిల్ పోతుంది. డిప్‌స్టిక్ పై గీత దాటి పోయడం కూడా నష్టమే. క్రాంకు ఆయిల్‌ను చిలికి నురగ చేస్తుంది. డీజిల్ ఇంజన్ ఆయిల్ కొద్ది రోజులకే నల్లబడటం మామూలు విషయం. పొయ్యకుండానే డిప్‌స్టిక్ మీద మట్టం పెరిగితే మాత్రం డీజిలో, నీళ్లో కలుస్తున్నాయి. పెరుగు మజ్జిగలా తెల్లబడితే నీళ్లే.

2.5 లీటర్ల డీజిల్ ఇంజన్ ఖాళీగా తిరిగితే గంటకు 0.7 లీటరు దరిదాపుల్లో తాగుతుంది. యార్డులో లైనులో రోజుకు గంటసేపు ఆన్‌లో ఉంచితే 300 రోజులకు 210 లీటర్లు, ఇరవై వేల రూపాయలు. ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్ వేస్తే డీజిల్ ఆదా అన్నది తలకిందుల లెక్క. గేరులో ఉంచి కాలు తీస్తే చక్రాలే ఇంజన్‌ను తిప్పుతాయి, డీజిల్ దాదాపు పూర్తిగా ఆగుతుంది. న్యూట్రల్‌లో ఇంజన్ తిరగడానికి డీజిల్ పోస్తూనే ఉండాలి. పైగా శ్రీశైలం, అనంతగిరి ఘాట్‌ల లాంటి చోట లోడు బండి భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. ఎత్తెక్కి ఆపగానే ఇంజన్ కట్ చేయకుండా ఒక నిమిషం తిరగనిస్తే టర్బో బేరింగు దగ్గరి ఆయిల్ మాడిపోదు.

క్లచ్ జారుడు చూడాలంటే 40 వేగంలో టాప్ గేరు వేసి గట్టిగా తొక్కాలి. బండి వేగం అలాగే ఉండి ఇంజన్ మోత మాత్రం పెరిగితే క్లచ్ ప్లేటు అయిపోయింది.

## హాఫ్ ఇంజన్ పని ఎప్పుడు?

పైవన్నీ చూశాక కూడా మైలేజీ రాకపోతే అప్పుడు ఇంజన్ లోపలికి వెళ్లాలి. దానికి మూడు సాక్ష్యాలు ఉన్నాయి. మొదటిది బ్యాక్ కంప్రెషన్, అంటే రింగులు దాటి పొగ కిందికి దిగడం: వేడెక్కిన ఇంజన్ ఆయిల్ క్యాప్ వదులు చేసి పైనే ఉంచితే అది ఎగిరెగిరి పడుతూ, కింద నుంచి పొగ దబదబా కొడుతుంది. రెండోది నీలి పొగ, తరచూ ఆయిల్ పోయాల్సి రావడం. దీనికి టర్బో సీలు, వాల్వు సీళ్లు కూడా కారణం కావొచ్చు, ముందు వాటిని చూడాలి. మూడోది కంప్రెషన్ గేజ్. నాలుగు సిలిండర్ల మధ్య తేడా పది పదిహేను శాతం దాటితే ఆ సిలిండర్‌లో రింగులో, వాల్వులో పోయాయి. గేజ్ పెట్టే ముందు ట్యాపెట్ గ్యాపు (వాల్వుల దగ్గర ఉంచాల్సిన సందు) సరిచేయించాలి. వాల్వు పూర్తిగా మూసుకోకపోయినా గేజ్ అదే అంకె చూపిస్తుంది, దాని కోసం ఇంజన్ దించేస్తారు.

చేతిలోనే ఉండి ఎవరూ చదవని ఇంకో సాక్ష్యం పొల్యూషన్ సర్టిఫికెట్. డీజిల్ బండికి అందులో కే విలువ అని ఒక అంకె ఉంటుంది, పొగ ఎంత చిక్కగా ఉందో అది చెబుతుంది. బీఎస్-4కు ముందు బళ్లకు పరిమితి 2.45, బీఎస్-4 బళ్లకు 1.62. పాస్ అయిందా లేదా అని మాత్రమే చూసి కాగితం మడిచేస్తారు. నిజానికి పోయినసారి 0.8 ఉన్నది ఈసారి 1.5 అయితే బండి పాసే, పొగ మాత్రం రెట్టింపుకు దగ్గరైంది. బ్యాక్ కంప్రెషన్ లేకుండా ఈ అంకె పెరిగితే గాలి, నాజిళ్ల వైపు చూడాలి. పైప్ గుచ్చి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కించి తీసిన పరీక్ష అయితేనే ఈ పోలిక పనికొస్తుంది.

సాక్ష్యాలన్నీ రింగుల వైపే చూపిస్తే హాఫ్ ఇంజన్ చేయించక తప్పదు. అప్పుడు బోరును గేజ్‌తో పైన, మధ్యలో, కింద కొలిపించి అంకెలు రాయించుకోవాలి. అరుగుదల పరిమితి దాటిన బోరులో కొత్త రింగులు మాత్రమే వేస్తే కొన్ని నెలలకే మళ్లీ పొగ మొదలవుతుంది. తలకాయ (సిలిండర్ హెడ్) విప్పిన రోజే గాలి పైపు, క్లిప్పులు కొత్తవి వేయించి, నాజిళ్లు టెస్టర్ మీద చూపించి, రేడియేటర్ కడిగించి, పీకేసిన థర్మోస్టాట్ తిరిగి పెట్టించాలి. మొదటి రింగులను తిన్న దుమ్ము, చల్లటి గోడ ఇంకా అక్కడే ఉంటే రెండో సెట్టు కూడా అలాగే పోతుంది. పని అయ్యాక మొదటి వెయ్యి కిలోమీటర్లు సగం లోడుతో, వేగం మార్చుకుంటూ నడపాలి. ఆ తర్వాత ఆయిల్, ఫిల్టర్ మార్చి, పాత ఆయిల్‌ను శుభ్రమైన డబ్బాలోకి వడగట్టి, అడుగున లోహపు మెరుపులు ఎంత ఉన్నాయో మేస్త్రీ ఎదుటే చూడాలి.